జనుము పూతకొచ్చిందా, దున్నేయాలి

దక్షిణాది నుంచి కలకత్తా వెళ్లే రైళ్లలో కొన్నిటి ప్రయాణం హౌరా దాకా సాగదు, సంత్రాగాఛిలోనే ముగుస్తుంది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, హుగ్లీ ఒడ్డున శిబ్‌పూర్ వృక్షోద్యానం ఉంది. 1787లో మొదలైన తోట అది. చూడవచ్చినవారు మహా మర్రి దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతారు. రైతుకు పనికొచ్చే కథ మాత్రం వేరే ఉంది.

1793లో ఆ తోట బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో ఉన్నాడు. కోరమాండల్ తీరపు మొక్కలకు స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించి, తెలుగు పేర్లు కూడా రాసి పెట్టుకున్నాడు. కలకత్తా చేరాక నార మొక్కల మీద పడ్డాడు. జనుము వంటి నారలను తాళ్లుగా పేని, బరువులు వేలాడదీసి, ఎంతకు తెగుతాయో కొలిచాడు.  

ఆయన పరీక్షించిన ఆ గట్టి జనుము నారే మన వరి రైతుకు చిక్కు.

వరికి ముందు నేలలో కలియదున్నడానికి రోహిణి కార్తె జల్లులకు పచ్చిరొట్ట పైరు వేసేవారు జనుమైతే ఎకరాకు 15 కిలోలు, జీలుగైతే 10–12 కిలోలు, పిల్లిపెసరైతే 8 కిలోల విత్తనం చల్లితే చాలు. నీరు నిలిచే చేలో జనుము బతకదు. చౌడు నేలకు జీలుగను మించింది లేదు. పశువులున్నవారికి పిల్లిపెసర నయం, ఒక కోత మేతకు పోయినా మిగిలింది దున్నుకోవచ్చు.

ఏది వేసినా పూత మొదలవగానే కలియదున్నాలి. జనుముకు ఆ అదను సుమారు 45 రోజులకు వస్తుంది. అప్పటికి వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఉంటాయి, కాండం ఇంకా లేతగా ఉంటుంది. పది రోజులు ఆగితే రొట్ట పెరుగుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటే. ఆ పది రోజుల్లో పెరిగేది ఎక్కువగా నార. అది రోటవేటర్ పళ్లకు చుట్టుకుంటుంది, మట్టిలో త్వరగా చివకదు. అది కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకోవడంతో కొత్తగా ఊడ్చిన నారు పసుపు రంగుకు తిరుగుతుంది.

దున్నేటప్పుడు చేలో పలుచగా నీరుండాలి. ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లితే రొట్ట తొందరగా చివుకుతుంది. ఆ మేరకు వరికి వేసే భాస్వరం తగ్గించుకోవచ్చు. వారం పది రోజులు మగ్గనిచ్చి దమ్ము చేసి ఊడ్చుకోవాలి. కాలువ నీళ్లు ఆలస్యమయ్యేట్టుంటే పైరును ముదరనివ్వకుండా, వాన పదునుకే దున్నేయడం మేలు. పశువుల పలుపుతాళ్లకు నార కావాలనుకునేవారు గట్టువారన రెండు సాళ్లు వదులుకుంటే సరిపోతుంది.