రహీం సాహెబ్

మైదానంలో ఆడినవారు తరువాతి కాలంలో శిక్షకులు కావడం తరచుగా జరిగేదే. ఆ శిక్షకుడే క్రీడాసంఘ పాలనను కూడా చేపట్టి, ఒక బాధ్యతను మరొకదానికి ఊతంగా మలచుకోవడం మాత్రం అరుదు. హైదరాబాదు నగరానికి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం అటువంటి అరుదైన వ్యక్తి.

రహీం 1909లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్నప్పుడు అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. పట్టభద్రులైన పిదప ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి, తుదిశ్వాస వరకు ఆ పదవిలో కొనసాగారు.

కార్యదర్శి అనగానే మనకు కాగితాలు, జమాఖర్చులు స్ఫురిస్తాయి. రహీం ఆ పదవిని కూడా పాఠశాలగానే భావించారు. బంతిని కాలితో దొర్లించుకుంటూ ఒంటరిగా ముందుకు సాగడాన్ని డ్రిబ్లింగ్ అంటారు. అది చూపరులకు కన్నులపండుగ. మితిమీరితే జట్టుకు చేటు. అందువలన ఆయన డ్రిబ్లింగ్‌ను నిషేధించి కొన్ని పోటీలు జరిపించారు. బంతి అందినవాడు వెంటనే తోటివానికి అందించక తప్పదు. అలవాటు లేని కాలితోనే బంతిని తన్నాలనే నియమంతో మరికొన్ని పోటీలు నిర్వహించారు. శిక్షకుడు చెప్పినది సలహా మాత్రమే. సంఘం విధించినది నియమం. ఈ భేదాన్ని ఆయన చక్కగా గ్రహించారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకున్నది.

భారత జట్టు శిక్షకునిగా 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆయన స్వర్ణపతకం సాధించారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఘోరపరాజయం ఎదురైంది. మన ఆటగాళ్ళలో అధికులు ఆ చలిలో వట్టికాళ్ళతో ఆడారు. ఆ అవమానం తరువాత నాలుగేళ్ళకే, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారత్ ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాల్గవ స్థానం పొందింది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీంను ఊపిరితిత్తుల క్యాన్సర్ పీడిస్తున్నది. తొలి పోటీలోనే దక్షిణ కొరియా మనలను 2–0తో ఓడించింది. థాయిలాండుతో ఆడుతుండగా రక్షణపంక్తికి ప్రాణమైన జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వేరొక శిక్షకుడైతే అతనిని ప్రక్కన కూర్చుండబెట్టేవాడు. రహీం అతనిని ముందువరుసలో నిలిపారు! సెప్టెంబరు 4న తుదిపోరు. ప్రత్యర్థి మళ్ళీ దక్షిణ కొరియాయే. రాజకీయ వివాదం వలన ప్రేక్షకులు భారత జట్టును గేలి చేస్తున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకు కట్టుతోనే ఆడిన జర్నయిల్ సింగ్ మరొక గోలు చేశారు. భారత్ 2–1తో గెలిచింది.

రహీం 1963 జూన్ 11న హైదరాబాదులో కన్నుమూశారు. 2023 హాంగ్‌ఝౌ క్రీడల వరకు చూచినా, ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు తిరిగి దక్కలేదు.