రాతి మీద రాసిన విలువలు: అమరావతి స్తూపం నేర్పే పాఠం

 

“ప్రాచీన ప్రజలు తమ నమ్మకాలను, విలువలను కళల ద్వారా ఎలా వ్యక్తం చేశారు?” అన్న ప్రశ్న మీ చరిత్ర పరీక్షల్లో ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. చాలామంది ఈజిప్టు పిరమిడ్ల గురించి, గ్రీకు విగ్రహాల గురించి నాలుగు వాక్యాలు రాసి ఊరుకుంటారు. అవి గొప్పవే, కాదనను. కానీ ఆ ప్రశ్నకు పూర్తి జవాబు మన కృష్ణా తీరంలోనే ఉంది. ఆ జవాబులో కొంత భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది, కొంత లండన్‌లో ఉంది.

నేను చదివింది బి.కాం. ఉద్యోగమంతా బ్యాంకులో, లెడ్జర్ల మధ్య గడిచింది. అందువల్ల శిల్పాన్ని చూసినా నాకు ముందుగా తట్టే ప్రశ్న, “దీనికి డబ్బు ఎవరిచ్చారు? ఎక్కడ రాసుకున్నారు?” అన్నదే. అమరావతి విషయంలో ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అందుకే ఈ వ్యాసం.

స్తూపం అంటే ఏమిటి?

నేటి పల్నాడు జిల్లా అమరావతికి పాత పేరు ధాన్యకటకం. క్రీ.పూ. 3వ శతాబ్దం ప్రాంతంలో మొదలై, శాతవాహనుల కాలంలో పెరిగి, క్రీ.శ. 3వ శతాబ్దం వరకు మెరుగులు దిద్దుకున్న మహాచైత్యం అక్కడిది. మధ్యలో పెద్ద గుమ్మటం, దాని అడుగున సుమారు 50 మీటర్ల వెడల్పు వేదిక, చుట్టూ ప్రదక్షిణ దారి, ఆ దారికి ఆవల రాతి ప్రాకారం. నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు. బుద్ధుని జననం, గృహత్యాగం, జ్ఞానోదయం, తొలి ఉపదేశం, నిర్యాణం అనే అయిదు ఘట్టాలకు అవి గుర్తులని చెబుతారు.

పల్నాటి సున్నపురాయి మెత్తగా, తెల్లగా, లేత ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది. ఉలికి బాగా లొంగుతుంది. ప్రాకారం లోపలి వైపు, గుమ్మటం మీద, వేదిక పలకల మీద ఎక్కడా ఖాళీ వదలకుండా కథలు చెక్కారు. చదువు రానివాడు కూడా ప్రదక్షిణ చేస్తూ పాఠం నేర్చుకునే ఏర్పాటు అది.

ఖాళీ సింహాసనం

అమరావతి తొలినాటి శిల్పాల్లో బుద్ధుడి రూపం కనిపించదు. బోధివృక్షం కింద ఖాళీ సింహాసనం, దాని ముందు రెండు పాదముద్రలు, చుట్టూ చేతులు జోడించిన జనం ఉంటారు. గృహత్యాగం చెక్కినప్పుడు గుర్రం ఉంటుంది, పైన గొడుగు పట్టి ఉంటుంది, జీను మీద మాత్రం ఎవరూ ఉండరు. తొలి ఉపదేశానికి చక్రం గుర్తు, నిర్యాణానికి స్తూపమే గుర్తు.

నాకు అర్థమైనంతలో, చూపు మనిషి రూపం దగ్గర ఆగిపోకుండా ఆయన చెప్పినదాని మీదికి, చుట్టూ ఉన్నవారి భక్తి మీదికి పోతుంది. తరువాతి శతాబ్దాల్లో అదే అమరావతిలో బుద్ధుణ్ణి మానవ రూపంలోనూ చెక్కారు. నమ్మకం కొనసాగింది, చెప్పే తీరు మారింది.

ఈ మార్పుకు సాక్ష్యంగా బ్రిటిష్ మ్యూజియంలో ఒక పలక ఉంది. దాని ఒక ముఖం మీద సుమారు క్రీ.పూ. 1వ శతాబ్దంలో చెక్కిన బోధివృక్షం, ఖాళీ సింహాసనం ఉన్నాయి. కొన్ని వందల ఏళ్ళ తరువాత అదే రాయిని తిరగేసి, రెండో ముఖం మీద స్తూపం బొమ్మను ఎంతో నగిషీతో చెక్కారు. అసలు స్తూపం ఎలా ఉండేదో ఇటువంటి పలకలను చూసే ఊహించగలుగుతున్నాం.

ఏనుగు కథ

చెన్నై మ్యూజియం సేకరణలో ఒక గుండ్రని శిల్పఫలకం ఉంది. రాజగృహ వీధుల్లో నాళాగిరి అనే మదపుటేనుగును బుద్ధుడి మీదికి వదిలిన కథ అది. ఒక పక్క ఏనుగు జనాన్ని తొక్కుతూ దూసుకొస్తోంది. భయపడిన స్త్రీ పక్కవారిని పట్టుకుని వెనక్కు వాలుతోంది. మేడల కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. మరో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంది. ముందు జరిగింది, తరువాత జరిగింది ఒకే ఫలకంలో చూపించారు.

ఇక్కడ గమనించండి. ఏనుగు లొంగింది అంకుశానికి కాదు, మైత్రికి. “కోపాన్ని శాంతంతో జయించాలి” అని పుస్తకంలో రాస్తే మనం చదివి మరిచిపోతాం. ఆ స్త్రీ భయాన్ని, ఆ ఏనుగు వినయాన్ని పక్కపక్కన చూసినవాడు అంత తేలికగా మరిచిపోడు. విలువను బొమ్మ కట్టించడమంటే ఇదే.

రాతి మీద జమా పద్దు

ఇక నా ప్రశ్నకు వస్తాను. ఇంత పనికి డబ్బు ఎక్కడిది? రాజుల పేర్లు ఉన్నాయి గాని, శాసనాల్లో ఎక్కువగా కనిపించేవి మామూలు మనుషుల పేర్లు. గృహస్థులు, వర్తకులు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవారు, భిక్షువులు, భిక్షుణులు, ఇల్లాళ్ళు ఎవరికి తోచింది వారిచ్చారు. ఒకరు స్తంభం, ఒకరు పలక, ఒకరు ప్రాకారం పైదూలం. ‘హేరణికుడు’ అనే ఉద్యోగి పేరు కూడా కనిపిస్తుంది. ఆ మాటకు స్వర్ణకారుడని కొందరు, కోశాధికారి అని కొందరు అర్థం చెప్పారు. కోశాధికారే అయితే అతను మా వృత్తివాడే!

వీటిలో నా మనసుకు బాగా హత్తుకున్నది విధికుడనే చర్మకారుడి శాసనం. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకైన ఇతను పూర్ణఘటం చెక్కిన పలకను ఇచ్చాడు. తన ఒక్కడి పేరుతో ఇవ్వలేదు. తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకుతో, కూతుళ్ళతో, బంధుమిత్రులతో కలిసి ఇస్తున్నట్లు రాయించాడు. కొడుకు పేరు కూడా నాగుడే. తాత పేరు మనవడికి పెట్టడం మన ఇళ్ళలో ఈనాటికీ ఉన్న ఆచారమే గదా!

నిండుకుండ సమృద్ధికి గుర్తు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకున్న అధికార చిహ్నం మధ్యలో ఉన్నదీ అమరావతి శిల్పరీతిలోని పూర్ణఘటమే.

ఈ శాసనాలు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్నాయి. అప్పటికి తెలుగు శాసన భాష కాలేదు. అయినా అమరావతి శాసనంలోని ‘నాగబు’ అనే మాటను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తెలుగు మాటగా గుర్తించారు. దానాన్ని ఈ శాసనాల్లో ‘దేయధమ్మ’ అన్నారు. ఇవ్వదగినది ఇవ్వడం ధర్మమని ఆ మాటలోనే ఉంది.

స్త్రీల దానాల సంగతి నాగార్జునకొండలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. అతని చెల్లెలు చాంతిసిరి బౌద్ధ మహాచైత్యానికి దాత. ఒకే ఇంట్లో అన్న దారి అన్నది, చెల్లెలి దారి చెల్లెలిది.

నాసిక్‌లో శాశ్వత డిపాజిట్

మహారాష్ట్రలోని మన పిల్లలకు ఒక లెక్క చెబుతాను. నాసిక్ పాండవలేణి 10వ గుహ స్తంభాల శిల్పాలకు పేరుపడినది. దాన్ని తొలిపించినవాడు క్షహరాత నహపానుడి అల్లుడు ఉషవదాతుడు. అక్కడి శాసనం ప్రకారం అతను 3,000 కార్షాపణాలను ‘అక్షయనీవి’గా సాలెవారి శ్రేణుల దగ్గర ఉంచాడు. 2,000 మీద నెలకు నూటికి ఒకటి వడ్డీ, మిగిలిన 1,000 మీద నూటికి ముప్పాతిక. అసలు ముట్టకూడదు, వడ్డీ మాత్రమే వాడాలి.

ఇప్పుడు లెక్క వేయండి. 2,000కు నెలకు 20, ఏడాదికి 240. గుహలో వర్షాకాలం గడిపే 20 మంది భిక్షువులకు వస్త్రాల కోసం తలా 12 అని శాసనంలో ఉంది. ఇరవై పన్నెండ్లు 240. పైసా తేడా లేదు! రెండో మొత్తం మీద ఏడాదికి వచ్చే 90 వారి మరో ఖర్చుకు. ఈ సంగతి నిగమసభలో చదివి వినిపించి, పలక మీద నమోదు చేయించారు కూడా.

మన ట్రస్టులో మూలనిధిని కదపకుండా, దాని వడ్డీతో విద్యార్థి వేతనాలు ఇచ్చే పద్ధతి సుమారు 1,900 ఏళ్ళ నాటిదని దీన్నిబట్టి తెలుస్తుంది. భిక్షువుకు బట్ట, విద్యార్థికి పుస్తకం. సూత్రం ఒక్కటే.

చదవలేకపోతే ఏమవుతుంది?

ఇంత విలువైన అమరావతి 18వ శతాబ్దం చివరినాటికి ఒక మట్టిదిబ్బ. రాళ్ళను కొత్త కట్టడాలకు తీసుకుపోయారు, సున్నం కోసం కాల్చారు. కాలిన్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి, తన మనుషులచేత మిగిలిన వాటి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరి, అక్కడి నుంచి 1859లో చాలావరకు ఓడెక్కి లండన్ పోయాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పుడు సుమారు 120 ఉన్నాయి. తరువాతి తవ్వకాల్లో దొరికినవి చాలా చెన్నైకి చేరాయి.

విధికుడి వంటివారు తరతరాలు నిలవాలని రాయించిన అక్షరాలు సున్నపు బట్టీలో ఎన్ని కాలిపోయాయో లెక్క లేదు. కాల్చినవారు దుర్మార్గులు కారు. ఆ లిపి చదవగలిగినవారు అప్పటికి లేరు, అంతే. పరాయి రాష్ట్రంలో పెరిగే మన పిల్లలు తెలుగు మాట్లాడితే చాలులే, చదవకపోయినా ఫరవాలేదని అనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలని నా మనవి. ఇంట్లో తాతగారి ఉత్తరాలు, దస్తావేజులు ఉంటాయి. చదివేవారు లేకపోతే అవీ చిత్తుకాగితాల లెక్కలోకే పోతాయి.

విద్యార్థులు చేయదగిన పనులు

1. తమిళనాడువారు ఎగ్మూరు మ్యూజియంలోని అమరావతి శిల్పాలు చూడండి. గ్యాలరీ తెరిచి ఉందో లేదో ముందుగా కనుక్కుని బయలుదేరండి.

2. కర్ణాటకవారికి కలబురగి జిల్లా సన్నతి దగ్గర కనగనహళ్ళి స్తూపం ఉంది. అక్కడ అశోకుడి బొమ్మ కింద ‘రాయో అసోకో’ అని పేరు చెక్కి ఉంది.

3. మహారాష్ట్రవారు నాసిక్, కార్లే గుహలు, ఒడిశావారు ధౌళి, ఖండగిరి, ఉదయగిరి, యానాంవారు కోనసీమలోని ఆదుర్రు స్తూపం చూడవచ్చు.

4. మీ ఊరి గుడిలో, బడిలో, సత్రంలో దాతల పేర్లున్న పలక చూసి ఎవరు, ఎప్పుడు, ఏమిచ్చారో నోటు పుస్తకంలో రాసుకోండి. మీ పెద్దవారిని అడిగి వారి వృత్తి కూడా తెలుసుకోండి. చరిత్ర రాయడం ఇలాగే మొదలవుతుంది.

5. పరీక్షలో జవాబు రాసేటప్పుడు మూడు అంశాలు మరవకండి: ఏ బొమ్మ చెక్కారు, ఏ విలువ చెప్పారు, ఎవరి సొమ్ముతో చేశారు. మూడోది చాలామంది వదిలేస్తారు.

ఈ సంవత్సరం వేతనం అందుకుంటున్న పిల్లలందరికీ ఒక మాట. అమరావతిలో ఏ ఒక్కరూ స్తూపమంతా కట్టించలేదు. తలా ఒక రాయి ఇచ్చారు. మీరు ఉద్యోగాల్లో చేరిన నాడు మీ వంతు రాయి ఎంత చిన్నదైనా సరే, మూలనిధిలో వేయండి. దాతల పట్టికలో మీ పేరుతోపాటు మీ అమ్మ పేరు, తోబుట్టువుల పేర్లు కూడా రాయించండి. విధికుడు అలాగే చేశాడు.