ఎవరికి ఏ గది?

గల్ఫ్ నుంచి కొడుకు నెల సెలవు మీద వస్తున్నాడంటే నిజామాబాద్, బోధన్ వైపు చాలా ఇళ్ళల్లో ఒకే చర్చ. ఈసారి అందరం కలిసి ఎటన్నా పోవాలె. పిల్లలకు రామోజీ ఫిల్మ్ సిటీ కావాలి, లేదంటే వండర్‌లా ఆటల పార్కు. తాత, నాయనమ్మ లేకుండా పోవడమేంటని కొడుకు పట్టు. హైదరాబాద్‌లో ఉన్న చెల్లెలు, బావ, వాళ్ళ పిల్లలు సరేసరి. ఏ రోజు పోవాలి, ఏ బండి మాట్లాడాలి, తోవలో తినడానికి ఏం కట్టుకోవాలి అన్నీ గంటలో తేలిపోతాయి. గదుల సంగతి వచ్చేసరికి ఎవరో ఒకరు ఫోన్ తీసి, తక్కువకు దొరికినవి నాలుగు బుక్ చేసేసి, "అక్కడికి పోయినంక సర్దుకుందాం" అంటారు. ఆ సర్దుకోవడం రాత్రిపూట, పిల్లలు నిద్రకు ఏడుస్తుంటే, పెద్దవాళ్ళకు మోకాళ్ళు పట్టేసి ఉంటే, రిసెప్షన్ ముందు మొదలవుతుంది.

వ్యక్తిత్వ వికాసం అనగానే మనకు వేదిక మీద ధైర్యంగా మాట్లాడటం, ఇంటర్వ్యూలో నెగ్గడం గుర్తుకొస్తాయి. పదిమంది ఇంటివాళ్ళకు నాలుగు గదులు పంచడం అంతకంటే చిన్న విషయమని నేను అనుకోను. డబ్బు, మర్యాద, మొహమాటం, మోకాళ్ళ నొప్పి, మొగుడూపెళ్ళాల ఏకాంతం అన్నీ ఆ పంపకంలో కలిసిపోయి ఉంటాయి. ఇంతమంది తరఫున ఆలోచించి, ఒక నిర్ణయం తీసుకుని, దానికి కారణం అందరికీ చెప్పగలిగిన మనిషికి ఇల్లు నడపడం తెలిసినట్టే. నేర్చుకుంటే వచ్చే విద్యే ఇది.

అసలు రాత్రి బస ఎందుకంటే దూరం వల్ల. నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 175 కిలోమీటర్లు. బోధన్‌ నుంచి బయల్దేరితే ఇంకో పాతిక పైన. ఫిల్మ్ సిటీ నగరానికి ఆవలి వైపు, విజయవాడ రోడ్డు మీద ఉంది. మేడ్చల్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగాలి. వండర్‌లా రావిర్యాల దగ్గర, అదీ నగరానికి దక్షిణాన. పొద్దున పోయి రాత్రికి తిరిగొద్దామనుకుంటే పెద్దవాళ్ళకు తొమ్మిది పది గంటలు బండిలోనే గడుస్తాయి. డెబ్భై దాటిన మనిషిని అలా తిప్పి తెచ్చి, "నానమ్మను కూడా తీసుకపోయినం" అనుకోవడం న్యాయం కాదు.

సరే, రాత్రికి ఉంటారు. మంచి గది ఎవరికి?

మన దగ్గర గది అంటే ముందునుంచీ హోదాకు గుర్తు. పెళ్ళికి ఫంక్షన్ హాల్ మాట్లాడితే ఏసీ గదులు మగపెళ్ళివారికి. ఇంటికి అల్లుడొస్తే కూలర్ ఉన్న గది ఆయనది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల తరాలు అధికారుల బంగళాలనూ కార్మికుల క్వార్టర్లనూ చూస్తూ పెరిగాయి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. మనిషి స్థాయిని బట్టి ఇల్లు అన్న లెక్క మాత్రం మన బుర్రల్లోంచి పోలేదు. విహారానికి పోయినప్పుడూ అదే లెక్క వేస్తాం. బాల్కనీ ఉన్న గది అల్లుడికి, పెద్ద గది డబ్బు పెట్టిన కొడుక్కి, మిగిలింది మిగిలినవాళ్ళకు. నాయనమ్మకు పిల్లల గదిలో ఒక ఎక్స్‌ట్రా బెడ్. "ఆమెకు ఎక్కడైనా ఒకటే" అని ఇంట్లో అందరూ నమ్ముతారు. ఆమె కూడా అదే చెబుతుంది కాబట్టి ఇంకెవరూ ఆలోచించరు.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. మర్యాదను ఒక దారిన, అవసరాన్ని ఇంకో దారిన తీర్చాలి. గదిని అవసరాన్ని బట్టి ఇవ్వాలి. మర్యాద చూపడానికి మాట ఉంది, భోజనం ఉంది, బండిలో ముందు సీటు ఉంది, వంద దారులున్నాయి. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగితే సగం గొడవలు పుట్టవు.

అవసరం తెలియాలంటే అడగాలి. అడగడంలోనే నేర్పు ఉంది. "నీకెట్లాంటి రూమ్ కావాలె అవ్వా?" అంటే ఏ అవ్వ అయినా ఒకటే మాటంటుంది: "నాకేమొద్దు బిడ్డా, ఏడనన్న పండుకుంట." ఆ మాట విని ఊరుకుంటే అడిగినట్టు కాదు. పక్కన కూర్చుని చిన్న చిన్న ప్రశ్నలు వేయాలి.

"రాత్రి ఎన్నిసార్లు లేస్తవ్ అవ్వా?"

"రెండుసార్లు. ఒక్కోపారి మూడు."

"లేసినప్పుడు లైటేస్తవా?"

"ఎయ్య. పోరగాండ్లు లేస్తరు గదా. గోడ పట్టుకుని పోత."

ఇంతే. ఈ మూడు ముక్కల్లో గది మొత్తం తెలిసిపోయింది. కొత్త చోట, చీకట్లో, ఏ గోడ ఎక్కడుందో తెలియకుండా, బాత్రూం గడప తడుముకుంటూ ఒక ముసలి మనిషి నడవబోతోంది. ఆమెకు పిల్లల గది పనికిరాదు. బాత్రూంకు దగ్గరగా మంచం, రాత్రంతా వెలిగే చిన్న లైటు, పిలిస్తే పలికే మనిషి కావాలి. తాతకు ఇన్సులిన్ ఉంటే గదిలో ఫ్రిజ్ ఉండాలి. కింద కూర్చోలేని వాళ్ళకు కమోడ్ ఉండాలి, కమోడ్ అలవాటు లేని వాళ్ళకు అది లేని గది వెతకాలి. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి చాయ్ తాగే పెద్దాయనను ఎనిమిదింటి దాకా నిద్రపోయే కుర్రాళ్ళతో పడుకోబెడితే ఇద్దరికీ శిక్షే. ఆయన గదిలో నీళ్ళు కాచే కెటిల్ ఉంటే ఎవరినీ లేపకుండా తన పొద్దు తను గడుపుకుంటాడు.

పెద్దల అవసరం కనీసం ఒంటి మీద కనిపిస్తుంది. అస్సలు బయటికి రాని అవసరం ఒకటుంది, దాని గురించి రాయాలి. రెండేళ్ళకోసారి దుబాయ్ నుంచో సౌదీ నుంచో వచ్చే భర్తకు, ఇక్కడ అత్తమామల్ని, పిల్లల్ని చూసుకుంటూ ఉండే భార్యకు దొరికేది కొన్ని రోజులే. ఇంట్లో చుట్టాలు, పరామర్శలు, పెళ్ళి పిలుపులు. ఈ విహారంలోనైనా వాళ్ళిద్దరికీ ఒక గది ఉంటే బాగుండునని ఇద్దరి మనసులోనూ ఉంటుంది, ఒక్కరి నోటా రాదు. "మీ పిల్లలు మీ దగ్గరే పడుకుంటరు కదా" అని నలుగురినీ ఒక గదిలోకి తోసేస్తాం. ఇక్కడ మాట్లాడాల్సింది ఆ దంపతులు కాదు, ఇంట్లో పెద్దవాళ్ళు. "పిల్లల్ని నా దగ్గర పండుకోబెట్టుకుంట" అని మేనత్తో, పెద్ద వదినో అంటే చాలు, కారణం ఎవరూ అడగరు. నోరు తెరిచి అడగలేని వాళ్ళ తరఫున తనే ముందు మాట్లాడటం గొప్ప గుణమని నా నమ్మకం.

పదిహేనేళ్ళ ఆడపిల్ల సంగతీ అంతే. బట్టలు మార్చుకోవడానికి, నెలసరి రోజైతే తిప్పలు పడకుండా ఉండటానికి ఆమెకు ఆడవాళ్ళున్న గది కావాలి. ఆమెను ఒక మాట అడగండి. అడిగించుకున్న పిల్ల రేపు ఇంకొకరిని అడుగుతుంది.

తర్వాత హోటల్‌కు ఫోన్. యాప్‌లో నక్షత్రాలు చూసి సరిపెట్టుకోకుండా మనిషితో మాట్లాడాలి. "లిఫ్ట్ ఉందా?" అంటే ఉందంటారు. ఆ లిఫ్ట్ దగ్గరికి చేరడానికి ఎనిమిది మెట్లున్నాయని చెప్పరు. కాబట్టి "బండి దిగిన చోటు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు ఎక్కాలి?" అని అడగండి. బాత్రూం ఫోటో వాట్సాప్‌లో పంపమనండి. గడప ఎంత ఎత్తుంది, పట్టుకోవడానికి రాడ్ ఉందా, స్నానం చేసే చోట నేల నున్నగా ఉందా అన్నవి అందులో కనిపిస్తాయి. మూడో మనిషికి మంచం వేస్తారా, నేల మీద పరుపు వేస్తారా తేల్చుకోండి. నేల మీంచి లేవలేని మనిషికి పరుపు వేస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు. పక్కపక్క గదులు వేరు, మధ్యలో తలుపున్న కనెక్టింగ్ గదులు వేరు. పెద్దవాళ్ళను విడిగా ఉంచి కూడా రాత్రి కనిపెట్టుకుని ఉండాలంటే రెండోదే మేలు. చెక్-ఇన్ ఎన్ని గంటలకో కూడా అడగాలి. చాలా హోటళ్ళు మధ్యాహ్నం గానీ గది ఇవ్వవు. రాత్రి రైలెక్కి తెల్లారకముందే కాచిగూడలో దిగితే అప్పటిదాకా పెద్దవాళ్ళు లాబీలో కూర్చోవాల్సిందే. ఇంకొక్క మాట: పెద్దవాళ్ళ ఆధార్ కార్డులు ఇంట్లో బీరువాలో మరిచిపోకండి. గది ఇవ్వాలంటే అందరివీ అడుగుతారు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గది మీద జీఎస్టీ 5 శాతం. అది దాటితే 18. ఎనిమిది వేల పెద్ద సూట్ ఒకటి తీసుకుంటే పన్నుతో 9,440 అవుతుంది. నాలుగు వేల గదులు రెండు తీసుకుంటే 8,400. రెండో దారిలో వెయ్యికి పైగా మిగలడమే గాక రెండు బాత్రూంలు దొరుకుతాయి. పొద్దున పూట పదిమంది తయారవ్వాల్సిన చోట బాత్రూంల సంఖ్య ముఖ్యం. సోఫా సెట్ ఎంత పెద్దదైతేనేం, అక్కడ ఎవరూ కూర్చోరు.

హోటల్ ఎంత గొప్పదన్నదానికంటే ఎంత దగ్గరన్నది చూడమంటాను. 1996లో మొదలైన ఫిల్మ్ సిటీ ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్‌లోకి ఎక్కింది. బస్సులో తిప్పి చూపించినా నడక తప్పదు. లోపలే సితార, తార, శాంతినికేతన్ అని స్థాయిలవారీగా హోటళ్ళున్నాయి. గుంపుగా వచ్చేవాళ్ళకు సహారా ఉంది. బయట ఇంతకంటే తక్కువకు గది దొరకొచ్చు. మధ్యాహ్నం రెండింటికి తాతకు నడుం వాల్చాలనిపించినప్పుడు మాత్రం దగ్గర్లో ఉన్న మంచమే మంచం. బుక్ చేసేటప్పుడు ఒకటి అడగండి: మధ్యాహ్నం గదికి వచ్చి మళ్ళీ లోపలికి పోవచ్చా, అందుకు బండి పెడతారా? అవునంటే పెద్దలు, చంటిపిల్ల తల్లి రెండు గంటలు విశ్రాంతి తీసుకుని సాయంత్రం మళ్ళీ పిల్లలతో కలుస్తారు. ఆ రోజంతా "ఎప్పుడు పోదాం?" అన్న మాట వినబడదు.

2016లో తెరిచిన వండర్‌లా వేరే రకం. అక్కడ ఆటలు కుర్రాళ్ళవి, ఎత్తు కొలిచి ఎక్కించేవి చాలా ఉన్నాయి. అటు పోయే గల్ఫ్ కుటుంబాలు ఎయిర్‌పోర్ట్ ఉన్న శంషాబాద్ వైపు గది తీసుకుంటే రెండు పనులు కలిసొస్తాయి. విహారాన్ని సెలవు చివర్లో పెట్టుకుంటే కొడుకును విమానం ఎక్కించి, పెద్దలు ఆ రాత్రి అక్కడే పడుకుని పొద్దున ఎండెక్కకముందే ఊరికి బయల్దేరొచ్చు. అర్ధరాత్రి ఎయిర్‌పోర్ట్ నుంచి నిజామాబాద్ దాకా ఏడ్చిన కళ్ళతో తిరిగొచ్చే ప్రయాణం ఎంత కష్టమో మన వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ తేల్చాక అసలు గట్టి పని మిగిలి ఉంటుంది. బావకు చెప్పాలి. కింది అంతస్తులో మంచి గది అత్తమ్మకు ఇస్తున్నాం, మీకు రెండో అంతస్తు అని. చాలామంది ఇక్కడే జంకి, చెప్పకుండా అక్కడికి పోయాక తాళం చెవి చేతిలో పెడతారు. అప్పుడు ఆయనకు కలిగే బాధ గది గురించి కాదు, తనకు ముందు చెప్పలేదన్నది. బయల్దేరడానికి వారం ముందే, నలుగురిలో కాకుండా విడిగా, కారణంతో సహా చెప్పండి. "అత్తమ్మ రాత్రి మూడుసార్లు లేస్తది బావా, మెట్లు లేని గది ఒక్కటే దొరికింది" అంటే కాదనే బావను నేను చూడలేదు. ఒకవేళ ముఖం కాస్త ముడుచుకున్నా ఓర్చుకోవాలి. అందరినీ మెప్పించాలనుకునే మనిషి చివరికి ఎవరు గట్టిగా అడిగితే వాళ్ళకే మంచి గది ఇస్తాడు, నోరులేని వాళ్ళకు అన్యాయం చేస్తాడు.

పెద్దలకూ ఒక విన్నపం. "నాకేమొద్దు" అన్నది మీరు ప్రేమతో అనే మాటే. దాని బరువు మాత్రం పిల్లల మీద పడుతుంది, మీ మనసులో ఏముందో వాళ్ళు ఊహించుకోవాల్సి వస్తుంది. "నాకు కమోడ్ ఉన్న బాత్రూం కావాలె, మెట్లు వద్దు" అని రెండు ముక్కల్లో చెప్పండి. డెబ్భై ఏళ్ళ వయసులో నేర్చుకున్నా అది ఎదుగుదలే.

ఖర్చు విషయానికొస్తే, గల్ఫ్ కొడుకే మొత్తం పెట్టుకోవడం మన అలవాటు. పెట్టుకోనీయండి, కానీ ఊళ్ళో పొలం చూసుకునే తమ్ముడి దగ్గర కూడా ఎంతో కొంత తీసుకోండి, డీజిల్ ఖర్చో, ఒక పూట భోజనమో. తనది కూడా ఒక చెయ్యి పడిందంటే గదుల గురించి తన భార్యకు, పిల్లలకు ఏం కావాలో అతను మొహమాటం లేకుండా చెబుతాడు. బుకింగ్ చేసే రోజు అతన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.