దేవరకొండ ముట్టడి

పూర్వపు నల్గొండ జిల్లాకు తూర్పున నేరేడుచర్ల పొలాలు, పడమట దేవరకొండ గుట్టలు ఉన్నాయి. ఆ గుట్టలపై రేచర్ల పద్మనాయకుల గిరిదుర్గం ఉంది. పదిహేనో శతాబ్దంలో ఈ సీమ రెండు మహాశక్తుల నడుమ నలిగింది. పడమట బహమనీ సుల్తానులు, తూర్పున ఓఢ్ర గజపతులు బలవంతులై ఉండేవారు.

1458లో సింహాసనమెక్కిన హుమాయూన్ షాపై నల్గొండ జాగీరుదారు కుమారుడు సికందర్ ఖాన్ తిరుగుబాటు చేశాడు. తెలంగాణ నాయకులు అతనికి అండగా నిలిచారు. తిరుగుబాటును అణచిన సుల్తాను వారిని శిక్షించదలచి, ఖ్వాజా జహాన్, నిజాముల్ముల్కు అనే సేనానులను దేవరకొండపైకి పంపాడు. దుర్గాధిపతి లింగమనాయకుడు కపిలేశ్వర గజపతి సాయం అర్థించాడు. గజపతి కుమారుడు హంవీరుడు సేనతో తరలివచ్చాడు.

ఇరుకైన కొండదారుల్లో పోరాడటం ప్రమాదమనీ, ముట్టడి విడిచి మైదానంలో శత్రువునెదుర్కోవాలనీ నిజాముల్ముల్కు సూచించాడు. అలా చేస్తే శత్రువు పిరికితనంగా భావిస్తాడని ఖ్వాజా జహాన్ తిరస్కరించాడు. మరునాడు ముందునుంచి కోటలోని సేన, వెనుకనుంచి ఓఢ్రసేన ఏకకాలంలో విరుచుకుపడ్డాయి. బహమనీ సైన్యం చెల్లాచెదురై ఓరుగల్లు వైపు పరుగుతీసింది. ఖ్వాజా జహాన్ తన తప్పును సహచరునిపై మోపగా, సుల్తాను విచారించకుండానే నిజాముల్ముల్కుకు మరణశిక్ష విధించాడని ఫెరిష్తా రాశాడు.

ఇటువంటి ఘటనే 1593లో కొరియాలోనూ జరిగింది. జపాను దండెత్తగా కొరియా రాజు చైనా సాయం కోరాడు. చైనా సేనాని లీ రుసోంగ్ ప్యోంగ్యాంగ్‌ను విడిపించాడు. ఆ విజయోత్సాహంతో పదాతిదళాన్ని, ఫిరంగులను వెనుక విడిచి, గుర్రపుదళంతో ముందుకు దూకి సియోల్ సమీపాన బ్యోక్‌జెగ్వాన్ వద్ద జపాను సేనల చేతిలో ఓడిపోయాడు. పోరాడినవి ప్రధానంగా పరాయి సేనలు. నష్టపోయినది కొరియా నేల.

దేవరకొండ గెలిచింది. అయితే 1460లో ఓరుగల్లు గజపతుల వశమైంది. ఈ సీమ నాయకులు వారికి సామంతులయ్యారు. కపిలేశ్వరుని మరణానంతరం అతని కుమారులు వారసత్వానికై కలహించుకోగా బహమనీలు తిరిగి విజృంభించారు. ఆపదలో పొందిన సాయం దుర్గాన్ని కాపాడింది కాని, దాని స్వాతంత్ర్యాన్ని నిలపలేకపోయింది.

ప్రశ్నలు

1. నిజాముల్ముల్కు సూచనలోని యుద్ధనీతిని వివరించండి.
2. లింగమనాయకుడు గజపతి సాయం కోరడం సముచితమేనా? చర్చించండి.