ఇంగ్లీషు పాఠం – తెలుగు చేయూత

ఇంగ్లీషు మీడియం మంచిదా, తెలుగు మీడియం మంచిదా అన్న చర్చ మన రాష్ట్రంలో ఈనాటిది కాదు. ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ 2019 నవంబరులో ఉత్తర్వు వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. వాదోపవాదాలు ఎలా ఉన్నా, ఇంట్లో ఒక్క ఇంగ్లీషు ముక్క వినబడని పిల్లలు లక్షలాదిమంది ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని బడికి వెళుతూనే ఉన్నారు. వాళ్లకి తరగతి గదిలో ఎలాంటి చేయూత కావాలన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచుకున్న విషయం.

పిల్లకి రానిదేమిటి?

మా పలివెలలో సెలవుల్లో సాయంత్రం పూట కొందరు పిల్లలకి పాఠాలు చెబుతుంటాను. ఒకరోజు నాలుగో తరగతి పిల్లని "వాట్ ఈజ్ జెర్మినేషన్?" అని అడిగితే తల వంచుకుంది. "కొబ్బరికాయ ఎలా మొలుస్తుందమ్మా?" అన్నాను. అంతే! కాయకున్న మూడు కళ్లలో ఒక కంట్లోంచి మొలక వస్తుందనీ, లోపల మెత్తగా కొబ్బరి పువ్వు పెరుగుతుందనీ, అది పెరిగే కొద్దీ నీళ్లు తగ్గిపోతాయనీ గడగడా చెప్పేసింది. ఆ పువ్వే లోపలి ఆహారాన్ని పీల్చి మొలకకి అందిస్తుందని వృక్షశాస్త్రం చెబుతుంది. అంటే ఆ పిల్లకి శాస్త్రం చాలావరకు వచ్చు, దాన్ని చెప్పే ఇంగ్లీషు మాట రాదు. పరీక్ష కాగితం మీద మాత్రం రెండింటికీ కలిపి ఒకటే సున్న పడుతుంది.

మాట్లాడే భాష వేరు, పాఠం అర్థం చేసుకునే భాష వేరు అని కెనడాలో పనిచేసిన జిమ్ కమిన్స్ 1979లో వివరించాడు. మొదటిది సుమారు రెండేళ్లలో పట్టుబడుతుందనీ, రెండోదానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందనీ ఆయన పరిశీలనల్లో తేలింది. ఇది చుట్టూ ఇంగ్లీషు వినబడే దేశం లెక్క. కోనసీమ పిల్లల సంగతి వేరే చెప్పాలా?

తప్పుల్లో కనబడే తెలుగు

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే పిల్లలు "బుక్కు, బస్సు" అంటారు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో మధ్యలో వస్తుంది. "బల్ల మీద" అని మనం పేరు తర్వాత పెట్టే మాటను వాళ్లు పేరుకి ముందు పెడతారు. మన అక్షరం ఎలా రాస్తే అలా పలుకుతుంది. అక్కడ "పుట్" ఒకలా, "బట్" ఒకలా పలకాలి. ఈ తేడాలు తెలిసిన ఉపాధ్యాయుడు పిల్లవాణ్ణి మొద్దు అనడు. తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో కనిపెట్టి అక్కడే సరిదిద్దుతాడు.

ఇతరుల అనుభవం

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఇంగ్లీషు రాని చైనా పిల్లలు సుమారు 1,800 మందికి బడిలో ప్రత్యేక సాయం ఏమీ అందలేదు. ఆ వ్యాజ్యంలో 1974లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, అందరికీ అవే పుస్తకాలూ, అదే ఉపాధ్యాయుడూ ఉన్నంత మాత్రాన సమానత్వం రాదంది.

మనవాళ్లు ఈ సంగతి ముందే గ్రహించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవర పిల్లల కోసం తానే సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాశారు. 2004లో మన రాష్ట్రంలో గిరిజన పిల్లలకి సవర, కోయ, గోండి మొదలైన ఎనిమిది భాషల్లో బోధన మొదలైంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధించాలంటుంది. 2020-21లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఇది మంచి సాధనం. అయితే పంతులుగారు ఇంగ్లీషు పేజీ చదివించి, పిల్లలు తెలుగు పేజీ చూసుకుంటే రెండూ కలవవు. రెండు పేజీల మీదా వేలు పెట్టి, ఏ మాటకి ఏ మాటో చూపించాలి.

చేయదగ్గ పనులు

1. కొత్త పాఠం గురించి ముందు తెలుగులో మాట్లాడించాలి. తర్వాత అయిదారు ముఖ్యమైన ఇంగ్లీషు మాటలు బోర్డు మీద తెలుగు అర్థంతో రాయాలి.

2. గింజ, ఆకు, మట్టి వంటివి చేతికిచ్చి చెప్పాలి. కోనసీమలో వీటికి కరువు లేదు.

3. "ది సీడ్ నీడ్స్..." అని సగం వాక్యం ఇచ్చి మిగతాది పిల్లల చేత చెప్పించాలి.

4. జవాబుకి కాస్త వ్యవధి ఇవ్వాలి. పక్కవాడితో తెలుగులో సంప్రదించుకోనివ్వాలి.

5. తప్పు చెబితే నవ్వకుండా, అదే మాటను సరైన రూపంలో తిరిగి చెప్పాలి.

6. విషయానికి మార్కులు వేరుగా, భాషకి వేరుగా వేయాలి. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే అలవాటు ఎక్కడున్నా మానాలి.

వీటికి పెద్ద ఖర్చు లేదు, ఓపిక కావాలి. తల్లిదండ్రులు కూడా ఇంట్లో తెలుగు మానిపించకుండా, కథలూ కబుర్లూ ధారాళంగా చెప్పాలి.

వరి వేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక నాకు ఒక సంగతి తెలుసు. ముందు ఆకుమడి పోసి, నారు ఎదిగాకనే ఊడ్పులు ఊడుస్తాం. ఆకుమడికి పట్టే రోజులు దండగని ఏ రైతూ అనడు. పిల్లవాడి చదువుకి తెలుగు అలాంటి ఆకుమడి. మనలో రేపు బి.ఇడి. చేసి ఊళ్లలో బడిపంతుళ్లు కాబోయేవాళ్లు చాలామందే ఉన్నారు. తల వంచుకుని కూర్చున్న పిల్ల కనబడితే, ఆమెకి ఏమీ రాదని అనుకునే ముందు ఒక్కసారి తెలుగులో అడిగి చూడండి.