గాన బృందంలో కొత్తవారిని ఎంచుకోవడం



క్రిస్మస్ దగ్గర పడితే భోగాపురం వంటి పల్లె విచారణల్లో గాన బృందానికి కొత్త గొంతులు కావాలి. పేర్లిచ్చేవారందరూ మనవారే. శ్రుతి నిలవని బిడ్డను వద్దంటే ఆ ఇంటివారు నొచ్చుకుంటారు. మొహమాటానికి చేర్చుకుంటే దివ్యబలిపూజలో పాట చెదురుతుంది. ఏం చేయాలి?

రాజుల దినచర్య మొదటి గ్రంథం 25వ అధ్యాయం చదవండి. దావీదు కాలంలో దేవుని మందిర గాయకులు 288 మంది. అందరూ నేర్పరులే. అయినా వంతులకు చీట్లు వేసినప్పుడు పిన్న పెద్ద, గురువు శిష్యుడు అనే భేదం చూడలేదు. నేర్పు చూడాలి, ముఖం చూడరాదు.

మన పొరుగున విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలసింది. విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ విని, ఆదిభట్ల నారాయణదాసుగారు ఆయనను అధ్యాపకునిగా తీసుకున్నారని చెబుతారు. పరీక్ష ఎవరినో తిప్పి పంపడానికి కాదు, ఎవరి చోటు ఎక్కడో తెలుసుకోవడానికి.

కనుక ఒక్కొక్కరిచేత విడిగా, తెలిసిన కీర్తనే పాడించండి. తర్వాత బృందంతో కలిపి పాడించి, పక్కవారి గొంతు వింటున్నారో లేదో గమనించండి. శ్రుతి కుదరనివారికి కొన్నాళ్లు అభ్యాసం చెప్పండి. చక్కగా చదివేవారికి పఠనాలు అప్పగించండి. కాదనవలసి వస్తే నలుగురిలో కాక, ఇంటికి వెళ్లి ప్రేమతో చెప్పండి.

గాయకులకు సంగీతంతోపాటు ఆధ్యాత్మిక శిక్షణ కూడా ఇవ్వాలని 1967లో రోము వెలువరించిన పవిత్ర సంగీత ఆదేశం చెబుతోంది. విశ్వాసులందరూ పాటలో పాలుపంచుకోవాలన్నదే రెండవ వాటికన్ మహాసభ కోరిక. బృందంలో చోటు దొరకని బిడ్డ కూడా బల్ల దగ్గర నిలబడి గొంతెత్తి పాడగలిగితే, మీ ఎంపిక సరియైనదే.