ఎవరి మాట విని స్పీకర్లు కొనాలి?

మా అన్నగారి అబ్బాయి కొత్త ఇంటి హాల్లో సౌండ్ సిస్టమ్ పెట్టుకుందామని బయలుదేరి, నెల తిరగకుండానే దిక్కుతోచక నా దగ్గరికి వచ్చాడు. "బాబాయ్, తలా ఒక మాట చెబుతున్నారు. ఎవరిని నమ్మను?" అన్నాడు. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో నా మొదటి యాంప్లిఫయరు కొని నలభై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో నేర్చుకున్నవి వాడికి చెప్పాను. అవే ఇక్కడ రాస్తున్నాను.

1. ఎవరైనా అంకె చెబితే, అది ఎలా కొలిచారో అడగండి.

1990లలో టేప్‌రికార్డర్ల మీద పీఎంపీఓ వాట్లని పెద్ద స్టిక్కర్లు అంటించేవారు. నేను కొన్న సెట్టు మీద 1000 వాట్లని ఉంది. ఇంటికొచ్చాక వెనక్కి తిప్పి చూస్తే, అది తీసుకునే కరెంటు 40 వాట్లని చిన్న అక్షరాల్లో ఉంది. 40 తీసుకునేది 1000 ఎక్కడి నుంచి ఇస్తుంది? పీఎంపీఓకి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకున్నారు. ఇలాంటి గందరగోళమే ముదిరి, అమెరికాలో 1974లో ప్రభుత్వమే నిబంధన పెట్టి, యాంప్లిఫయరు ఆగకుండా ఇవ్వగల పవరు ఎంతో, ఎన్ని ఓమ్‌ల దగ్గర, ఎంత డిస్టార్షన్‌తో ఇస్తుందో చెప్పి తీరాలంది. మీరూ ఆ ప్రశ్నలే వేయండి. 50 వాట్లను 100 చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లేనని ముందుగా చెప్పే మనిషి దొరికితే వదలకండి.

2. చూడకుండా విన్నవాడి మాటకు విలువ ఎక్కువ.

ఈ పాఠం నాకు అన్నిటికన్నా ఆలస్యంగా ఒంటబట్టింది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి స్పీకర్లను తెర వెనక పెట్టి జనానికి వినిపించాడు. తర్వాత షాన్ ఒలివ్‌తో కలిసి 1994లో ప్రచురించిన ప్రయోగంలో, అవే స్పీకర్లకు చూస్తూ విన్నప్పుడు పడిన మార్కులు వేరు, తెర వెనక ఉన్నప్పుడు పడిన మార్కులు వేరు. వినడంలో అనుభవం ఉన్నవాళ్లూ దీనికి అతీతులు కాలేదు. పేరు, పరిమాణం, ధర కంటిలోంచి చెవిలోకి వెళతాయన్నమాట.

ఖరీదైన స్పీకర్ కేబుల్ కొన్నప్పుడు పాట విచ్చుకున్నట్టు నాకు నిజంగానే అనిపించింది. ఒక ఆదివారం మా ఆవిడను వెనక నిలబెట్టి, నాకు చెప్పకుండా పాత తీగ, కొత్త తీగ మార్చి మార్చి తగిలించమన్నాను. పది సార్లు వినిపిస్తే ఏది ఏదో పోల్చుకోలేకపోయాను. ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 10 మీటర్ల పొడవుకు నిరోధం సుమారు 0.07 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకరు ముందు అది లెక్కలోకి రాదు.

ఇంకొకటి. రెండు స్పీకర్లు పోల్చేటప్పుడు శబ్దం సమానంగా ఉండాలి. కొంచెం గట్టిగా మోగేదే బాగున్నట్టు తోస్తుంది, షాపువాళ్లకు ఇది బాగా తెలుసు. ఒక్క పుస్తకమే చదవగలిగితే టూల్ రాసిన 'సౌండ్ రీప్రొడక్షన్' చదవండి.

3. గది ఊసెత్తకుండా సలహా ఇచ్చేవాణ్ణి పక్కన పెట్టండి.

మా హాలు పొడవు 14 అడుగులు. ధ్వని వేగాన్ని బట్టి లెక్క వేస్తే ఆ పొడవుకు 40 హెర్ట్జ్ దగ్గర అనునాదం (రెజొనెన్స్) వస్తుంది. బేస్ గిటారు అడుగు తీగ దాదాపు అదే స్వరం. గోడకు ఆనించిన సోఫాలో కూర్చుంటే ఇళయరాజా పాటల్లో బేస్ గుమ్ గుమ్మని మోగేది, గది నడుమకు వస్తే మాయమయ్యేది. సోఫా రెండడుగులు ముందుకు జరిపాను. పైసా ఖర్చు లేకుండా వచ్చిన ఆ తేడా, నేను మార్చిన ఏ యాంప్లిఫయరూ ఇవ్వలేదు.

పాశ్చాత్య పుస్తకాలు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. వాళ్లు చెప్పేది చాలావరకు తివాచీ పరిచిన, పలచని గోడల ఇళ్లకు. మనవి ఇటుక గోడలు, మార్బుల్ నేల. బేస్ బయటికి పోదు, పై స్వరాలు నేల మీద పడి తిరిగొస్తాయి. మందపాటి కర్టెన్లు, నిండా పుస్తకాలున్న అలమర మనకు ఎక్కువ అవసరం.

4. పొగడ్త కన్నా ముందు గ్రాఫు చదవండి.

1962లో మొదలైన 'స్టీరియోఫైల్' పత్రికలో సమీక్షకుడి అభిప్రాయంతో పాటు కొలతలూ వేస్తారు. రెండూ కలవని చోట ఆగి ఆలోచించండి.

5. రిపేరు చేసేవాణ్ణి పరిచయం చేసుకోండి.

ఏ సెట్టుకి విడిభాగాలు దొరుకుతాయో, ఏది రెండేళ్లకే బల్ల మీదికి వస్తుందో అతనికి తెలుసు. "సార్, ఈ కోను చుట్టూ ఉన్నది ఫోమ్. మన ఉక్కకు పొడైపోతుంది. రబ్బరు అంచుది తీసుకోండి" అని ఒకాయన చెప్పిన మాట నా డబ్బు నిలబెట్టింది.

6. చెవికి ఒక ఆనవాలు ఉండాలి.

నిజమైన వాద్యం ఎలా మోగుతుందో తెలియనివారికి ఏ స్పీకరు నిజం చెబుతోందో తెలియదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కూర్చున్నా మనకు వినబడేది మైకులోంచి వచ్చిన శబ్దమే, అదీ స్పీకరే. గుడి ఊరేగింపులో నాదస్వరం వినండి. స్పీకర్లకు డబ్బు కట్టే ముందు, మీ ఊళ్లో వీణో వయొలినో నేర్పే ఇల్లు కనుక్కుని, అనుమతి అడిగి, ఒక అరగంట దగ్గరగా కూర్చోండి. మర్నాడే ఆ వాద్యం రికార్డు పట్టుకుని షాపుకి వెళ్లండి.